అప్‌డేట్ తరువాత ఆగిపోతున్న కంప్యూటర్: ఫార్మాట్ కొట్టించే ముందు

ప్రశ్న: కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గరలో చిన్న డీటీపీ, జిరాక్స్ అంగడి నడుపుతున్నాను. నా కంప్యూటర్ 2020లో విడిభాగాలు కొని బిగించినది, అందులో విండోస్ 11 ఉంది. రూటర్ పైన ఇంట్లో ఉన్నందువల్ల, కంప్యూటర్ వెనుక గోరంత వైఫై డాంగిల్ పెట్టుకుని ఇంటర్నెట్ వాడుతున్నాను. గత బుధవారం ఉదయం ఆన్ చేస్తే అప్‌డేట్ అవుతోందని అరగంట సేపు తిరిగింది. అప్పటి నుండి రోజుకు ఐదారు సార్లు ఉన్నట్టుండి నల్లని తెర వచ్చి, ఏదో ఇంగ్లీషు అక్షరాలు చూపి, తనంతట తానే మళ్లీ మొదలవుతోంది. గిరాకీలు వాట్సాప్‌లో పంపిన ఫైళ్లు దించుకునేటప్పుడు ఎక్కువగా ఆగుతోంది. శుక్రవారం మా వీధిలో ఇంటర్నెట్ లేనందున వాట్సాప్ పని పక్కన పెట్టి, మధ్యాహ్నం నుండి రాత్రి వరకు కూర్చుని రెండు పెండ్లి పత్రికలు, ఒక సంవత్సరీకం కార్డు పూర్తి చేయగలిగాను. శనివారం మళ్లీ అదే గొడవ. రిపేరు అబ్బాయి ‘ఫార్మాట్ కొడితే సరిపోతుంది’ అంటున్నాడు. మా మరిది మాత్రం పత్రికలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ మరీ పాతది కాబట్టి కొత్త విండోస్‌కు పడడం లేదంటున్నాడు. ఫార్మాట్ చేయించాలా? ఇకపై అప్‌డేట్లు రాకుండా శాశ్వతంగా ఆపేయవచ్చునా? తెర ఫోటో జత చేస్తున్నాను.

సమాధానం: ఫార్మాట్ చేయించకండి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది. పైగా ఈ ఇంట్లో ఎలుక ఎక్కడ దాగి ఉన్నదో మీ ఉత్తరమే సగం చెప్పేసింది. మీరు మాటవరుసకు రాసిన శుక్రవారం సంగతిని నేను రెండుసార్లు చదివాను. అదే కంప్యూటర్, అదే అప్‌డేట్, అదే పేజ్‌మేకర్, అదే కరెంటు; మధ్యాహ్నం నుండి రాత్రి వరకు ఎడతెగని పని; అయినా ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ రోజు లేనిది ఇంటర్నెట్ ఒక్కటే. మిగిలిన రోజుల్లో ఎక్కువగా ఆగింది మీరు వాట్సాప్ నుండి ఫైలు దించుకునేటప్పుడే, అంటే అప్పుడు ఆ గోరంత డాంగిల్ చేత గట్టిగా పని చేయిస్తున్నారు. ర్యామ్ అనే లోపలి మెమరీ కార్డో, మదర్‌బోర్డో, విండోస్ మొత్తమో చెడిపోయి ఉంటే, ఇంటర్నెట్ ఉందా లేదా అని చూసుకుని అది ఆగదు కదా.

మీరు పంపిన ఫోటో కూడా ఇదే వైపు చూపిస్తోంది. అందులో స్టాప్ కోడ్ అనే మాట పక్కన ‘డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ అని ఉంది. దాని కిందనే, ఏ ఫైలు వల్ల ఆగిందో చెప్పే ‘వాట్ ఫెయిల్డ్’ అనే వరుస ఉండాలి. సరిగ్గా ఆ వరుస మీదనే మీ అంగట్లోని ట్యూబ్‌లైటు వెలుగు తెల్లని చారలా పడి అక్షరాలను మింగేసింది. అది కనబడి ఉంటే ఈ సమాధానం నాలుగు వాక్యాల్లో ముగిసేది. అయినా, పై వరుసలోని కోడ్ ఊరకే పోలేదు. హార్డ్‌వేర్‌కూ విండోస్‌కూ మధ్య దుబాసీగా పనిచేసే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్, ముట్టుకోకూడని సమయంలో ముట్టుకోకూడని మెమరీని ముట్టుకున్నదని దాని అర్థం. ఈ కోడ్ వచ్చిన చోట నెట్‌వర్క్ డ్రైవర్లను మొదట అనుమానించడం రిపేరు పని తెలిసినవారికి అలవాటే.

తెర నల్లగా ఎందుకు ఉన్నదని కంగారు పడవద్దు. ఇన్నేళ్లుగా అందరూ బ్లూ స్క్రీన్ అని పిలుచుకున్న తెరనే విండోస్ 11లో 2025 నుండి నలుపు రంగులోకి మార్చారు. రంగు మారినంత మాత్రాన రోగం కొత్తదేమీ కాదు.

పేజ్‌మేకర్ వంటి మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే విండోస్ ఆ ఒక్కదానినే మూసివేసి మిగతా పని సాగనిస్తుంది. డ్రైవర్లు అలా కాదు. అవి చాలావరకు కెర్నెల్ అనే లోపలి గదిలో, విండోస్‌తో సమానమైన అధికారంతో పనిచేస్తాయి. అక్కడ ఒకటి తప్పటడుగు వేస్తే, అది ఇంకేమి పాడుచేసిందో తెలియదు కాబట్టి, చెడిన సమాచారం డిస్క్ మీదకు రాసుకుపోకుండా విండోస్ తనను తాను నిలిపివేసుకుంటుంది. మీరు చూస్తున్న నల్లని తెర ఈ జాగ్రత్త వల్ల వస్తున్నదే. మీ మరిది గారి అనుమానానికి కూడా ఇక్కడే జవాబు ఉంది: పేజ్‌మేకర్ ఎంత పాతదైనా దాని తప్పుకు అది మూసుకుపోతుందే తప్ప కంప్యూటర్ మొత్తాన్ని ఇలా పడగొట్టదు. పైగా శుక్రవారం పూటంతా మీరు వాడింది దానినే.

మరి ఇదంతా సరిగ్గా బుధవారమే ఎందుకు మొదలైందంటే, మైక్రోసాఫ్ట్ తన నెలవారీ అప్‌డేట్లను అమెరికా కాలమానంలో ప్రతి నెలా రెండవ మంగళవారం విడుదల చేస్తుంది. 2003 నుండి ఇదే పద్ధతి. మనకు అది మంగళవారం రాత్రి పదిన్నర, పదకొండున్నర ప్రాంతం. అందుకే మన అంగళ్లలో, ఆఫీసుల్లో బుధవారం ఉదయం ఆన్ చేయగానే ఆ చక్రం తిరుగుతూ కనిపిస్తుంది. ఆ రోజు మీ కంప్యూటర్‌లో రెండింటిలో ఒకటి జరిగి ఉండాలి. విండోస్ అప్‌డేట్ తనతోపాటు వైఫై డాంగిల్‌కు కొత్త డ్రైవర్‌ను కూడా తెచ్చి, అది మీ డాంగిల్‌కు సరిపడక పోయి ఉండవచ్చు. లేదా డ్రైవర్ పాతదే ఉండి, లోపల విండోస్ మారినందున, ఇంతకాలం ఎలాగో నెట్టుకొచ్చిన దాని లోపం ఇప్పుడు బయటపడి ఉండవచ్చు.

ఇటువంటివి మీ ఒక్కరికే జరుగుతున్నాయని అనుకోవద్దు. 2021 మార్చి నెల అప్‌డేట్ తరువాత కొన్ని కంపెనీల ప్రింటర్లకు ప్రింట్ ఇవ్వగానే కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌తో ఆగిపోయాయి. వారం లోపే మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేయవలసి వచ్చింది. 2024 జూలై 19న జరిగినది ఇంకా పెద్దది: అది విండోస్ అప్‌డేట్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక చిన్న ఫైలు. దాని కెర్నెల్ డ్రైవర్ ఆ ఫైలును చదవబోయి తడబడినందున ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల కంప్యూటర్లు ఒక్కసారిగా ఆగాయి, మన విమానాశ్రయాల్లో కూడా బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అప్పుడు కూడా మందు ఫార్మాట్ కాదు. తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ తెరుచుకునే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తొలగిస్తే సరిపోయింది.

ఇక చేయవలసిన పని. అన్నిటికంటే ముందు ఫైళ్లను బయటకు కాపీ చేసుకోండి. రోజుకు ఆరుసార్లు అర్ధాంతరంగా ఆగే కంప్యూటర్‌లో, ఆగే క్షణంలో తెరిచి ఉన్న పత్రిక ఫైలు పాడయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. డాంగిల్‌ను పీకి పక్కన పెట్టి, శుక్రవారం లాగే ఇంటర్నెట్ లేకుండా ఈ కాపీ పని చేయండి. ‘అన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి, భయం లేదు’ అనే మాట అంగడి అంగడిలో వింటుంటాను. చాలా కంప్యూటర్లలో సి డ్రైవ్, డి డ్రైవ్ ఒకే డిస్క్‌కు గీసిన రెండు గీతలు మాత్రమే, డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి. ఫార్మాట్ చేసే చేయి తొందరపడితే గీత దాటడానికి ఒక్క క్లిక్కు చాలు. కాబట్టి బయటి హార్డ్‌డిస్క్‌లోకో, కనీసం పెద్ద పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించండి. పేజ్‌మేకర్ ఫైళ్లతోపాటు వాటిలో పెట్టిన ఫోటోలు, గణపతి బొమ్మలు, బార్డర్లు ఉన్న ఫోల్డర్లు, మీరు వాడే తెలుగు ఫాంట్లు తప్పనిసరిగా తీసుకోండి. డీటీపీ పనిలో అను ఫాంట్లతో కొట్టిన అక్షరాలు అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా అర్థమయ్యే యూనికోడ్ అక్షరాలు కావు కనుక, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే వధూవరుల పేర్లు చిత్రమైన గుర్తులుగా కనిపిస్తాయి. ఫైలు ఉండీ లేనట్టే.

కాపీ అయిన తరువాత ఒక పరీక్ష చేయండి. డాంగిల్‌ను అలాగే బయట ఉంచి, మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ ఉన్న చోట యూఎస్‌బీ టెథరింగ్‌ను ఆన్ చేయండి. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి, వాటితో ఈ బటన్ వెలగదు. అప్పుడు ఫోన్‌తో వచ్చిన కేబుల్‌ను వెతికి పెట్టండి. ఫోన్ మీ ఇంటి వైఫైకి కలిసి ఉంటే చాలా ఫోన్లలో ఆ ఇంటర్నెట్టే కేబుల్ ద్వారా వస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. ఈ ఏర్పాటులో ఇంటర్నెట్ వచ్చే దారి వేరు, దానికి వాడే డ్రైవర్ వేరు. రోజంతా మామూలుగా వాట్సాప్ ఫైళ్లు దించుకుంటూ పని చేసుకోండి. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగకపోతే దొంగ దొరికినట్టే. ఈ పరీక్ష నడుస్తున్న రోజున ఇంకేదీ మార్చకండి. డ్రైవర్ మార్చి, యాంటీవైరస్ తీసేసి, మెమరీ కార్డు తుడిచి, అన్నీ ఒకే పూట చేస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, రేపు మళ్లీ వస్తే మొదటి నుండి మొదలుపెట్టాలి.

డాంగిల్‌దే తప్పని తేలిన తరువాత దాన్ని మళ్లీ పెట్టి, స్టార్ట్ బటన్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్ల కింద వైర్‌లెస్ అనో, 802.11 అనో ఉన్న పేరు మీద రెండుసార్లు నొక్కితే వచ్చే చిన్న కిటికీలో డ్రైవర్ అనే పలక ఉంటుంది. అక్కడి తేదీని, వెర్షన్ సంఖ్యను కాగితం మీద రాసుకుని, ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కండి. ఎందుకని ఒక కారణం అడుగుతుంది, ఏది ఎంచుకున్నా ఫరవాలేదు. పాత డ్రైవర్ తిరిగి వస్తుంది, ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఆ బటన్ వెలవెలబోయి నొక్కడానికి వీలు లేకుండా ఉంటే, వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ మిగిలి లేదని అర్థం. అప్పుడు అదే పలకలోని ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ నొక్కి, డ్రైవర్‌ను కూడా తొలగించమనే గడిలో టిక్ పెట్టి తీసివేసి, డాంగిల్ తయారుచేసిన కంపెనీ సైటులో మీ మోడల్‌కు విండోస్ 11 డ్రైవర్ ఉంటే దాన్ని వేసుకోండి. గూగుల్‌లో వెతికితే ముందుగా కనిపించే ‘ఉచిత డ్రైవర్ అప్‌డేటర్’ ప్రోగ్రాములను మాత్రం ముట్టుకోవద్దు; ఉన్న ఒక తలనొప్పికి అవి నాలుగు జోడిస్తాయి. పేరూ ఊరూ లేని డాంగిల్ అయి, కంపెనీ సైటే లేకపోతే, దానితో కుస్తీ పట్టడం దండగ అని నా అభిప్రాయం. మీ మదర్‌బోర్డు వెనుక ల్యాన్ కేబుల్ పట్టే రంధ్రం ఉండే ఉంటుంది. పై ఇంటి రూటర్ నుండి మెట్ల పక్కగా ఒక కేబుల్ దించుకుంటే ఈ డాంగిల్ అవసరమే ఉండదు, పెద్ద ఫైళ్లు కూడా నిలకడగా దిగుతాయి. నేనైతే ఆ పనే చేస్తాను.

ఇంతా చెప్పిన తరువాత నా మీద నాకే ఒక అనుమానం ఉండాలి. అప్‌డేట్ తరువాత జరిగిందంతా అప్‌డేట్ వల్లనే జరిగిందని అనుకోవడం మనందరి బలహీనత. కాకి వాలడమూ తాటిపండు పడడమూ ఒకేసారి జరిగితే పండును కాకే పడగొట్టిందనుకుంటాము. కాకతాళీయమనే మాట అక్కడి నుండే వచ్చింది. అనంతపురంలోని మా ఇంటి కంప్యూటర్ ఒక ఎండాకాలంలో మాటిమాటికీ ఆగుతుంటే, అంతకు ముందు వచ్చిన అప్‌డేట్‌ను పదిహేను రోజులు తిట్టుకున్నాను, దాన్ని తీసేశాను, మళ్లీ వేశాను. చివరకు ఏ రోజు ఏమి జరిగిందో విండోస్ రాసుకునే రిలయబిలిటీ చరిత్ర తెరిచి చూస్తే మొదటి ఎర్ర గుర్తు అప్‌డేట్‌కు తొమ్మిది రోజుల ముందే ఉంది. క్యాబినెట్ పక్క మూత విప్పితే, ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కలకూ దాని కింది లోహపు పలకలకూ మధ్య దుమ్ము ఉన్ని కంబళిలా పేరుకుని ఉంది. వేలితో పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడి వచ్చింది.

అందుకే మీరు కూడా ఆ చరిత్రను ఒకసారి చూడండి. స్టార్ట్ నొక్కి ఇంగ్లీషులో రిలయబిలిటీ అని టైపు చేస్తే ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ అని వస్తుంది. తెరిస్తే రోజుల వారీగా గడులు, పైన ఒకటి నుండి పది వరకు ఎక్కి దిగే గీత కనిపిస్తాయి. ఆగిపోయిన రోజుల్లో ఎర్రని గుర్తు, అప్‌డేట్లు, డ్రైవర్లు ఎక్కిన రోజుల్లో నీలం గుర్తు ఉంటాయి. బుధవారం గడి మీద నొక్కితే ఆ రోజు ఏమేమి ఎక్కిందో కింద పేర్లతో సహా ఉంటుంది. అందులో మీ డాంగిల్ డ్రైవర్ పేరు కనిపిస్తే ఇక వాదన అవసరం లేదు. బుధవారానికి ముందే ఎర్ర గుర్తులు ఉంటే మాత్రం నా ఊహను పక్కన పెట్టి హార్డ్‌వేర్ వైపు చూడాలి. ఒక తేడాను కూడా గమనించండి: వేడి వల్లో, పవర్ సప్లై బలహీనపడడం వల్లో ఆగే కంప్యూటర్ సాధారణంగా ఏ కోడ్ చూపకుండా, దీపం ఊదినట్టు టప్పున ఆరిపోతుంది. మీది ప్రతిసారీ కోడ్ చూపించి ఆగుతున్నది కనుక, కడప ఎండలను ఈసారికి నేను అనుమానించడం లేదు.

టెథరింగ్ పరీక్షలో కూడా ఆగిందనుకోండి. అప్పుడు అప్‌డేట్‌నే తీసి చూడాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, దానిలో అప్‌డేట్ హిస్టరీ, దాని చివర అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంటాయి. బుధవారం తేదీ ఉన్న దాన్ని తీసివేయవచ్చు. ఒకవేళ వచ్చింది నెలవారీ అప్‌డేట్ కాక విండోస్ వెర్షన్‌నే మార్చినదైతే, రికవరీ పేజీలోని ‘గో బ్యాక్’ ద్వారా వెనక్కి వెళ్లాలి. ఆ అవకాశం మామూలుగా 10 రోజులే ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయవద్దు. కంప్యూటర్ అసలు తెరుచుకోని స్థితికి వస్తే, విండోస్ గుర్తు కనిపించగానే పవర్ బటన్‌ను ఆరిపోయేదాకా నొక్కి పట్టుకోండి. ఇలా వరుసగా రెండు మూడు సార్లు చేస్తే అదే రిపేరు తెరను చూపిస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ గుండా వెళితే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, సేఫ్ మోడ్ రెండూ దొరుకుతాయి. ఆ దారిలో కొన్ని కంప్యూటర్లు, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ అనే ఏర్పాటు తాళం చెవి అని 48 అంకెల సంఖ్యను అడుగుతాయి. మీరు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవుతుంటే అది ఆ అకౌంట్‌లో దాచి ఉండవచ్చు. కంప్యూటర్ బాగా తెరుచుకుంటున్న ఈ రోజుల్లోనే వెతికి కాగితం మీద రాసి పెట్టుకోండి, ఆ సంఖ్య లేకుంటే తాళం వేసిన డిస్క్‌లోని పత్రికలను ఏ రిపేరు అబ్బాయి కూడా బయటికి తీయలేడు.

అప్‌డేట్ తీసినా మారకపోతే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌ను ఒక రాత్రి నడిపి చూడండి. అందులో లోపం చూపితే మెమరీ కార్డు మార్చాలి. దేనిలోనూ ఏమీ తేలని రోజున ఫార్మాట్ గురించి మాట్లాడుకుందాము. అప్పటికి మీ ఫైళ్లన్నీ బయట భద్రంగా ఉంటాయి కాబట్టి అది కూడా భయపడవలసిన పని కాదు.

అప్‌డేట్లను శాశ్వతంగా ఆపడానికి మాత్రం నేను ఒప్పుకోను. మీ అంగట్లోకి రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు వస్తాయి, ముక్కూ మొహం తెలియని వారి ఫైళ్లు వాట్సాప్‌లో దిగుతాయి, జిరాక్స్‌కు వచ్చినవారి ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాలు స్కాన్ అవుతాయి. భద్రతా సవరణలు లేని కంప్యూటర్‌ను అటువంటి చోట ఉంచడం గిరాకీలకు కూడా మంచిది కాదు. ఆపకుండా వాయిదా వేసుకోండి. విండోస్ అప్‌డేట్ పేజీలోని ‘పాజ్’ ద్వారా ఐదు వారాల వరకు వాయిదా వేయవచ్చు. ముహూర్తాలు దట్టంగా ఉన్న నెలలో రెండవ మంగళవారానికి ముందే పాజ్ పెట్టి, పని తగ్గిన ఏదో ఒక ఆదివారం సాయంత్రం, ఫైళ్లు కాపీ చేసుకున్న తరువాత మీరే విప్పి ఎక్కించుకోండి. ఆ పాటికి అందులో పెద్ద లోపమేదైనా ఉంటే ప్రపంచానికి తెలిసిపోయి, సవరణ కూడా వచ్చి ఉంటుంది. కొత్త అప్‌డేట్లను అందరికంటే ముందుగా ఇమ్మనే మీట ఒకటి అదే పేజీలో ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే ఆపేయండి. నెలాఖరులో ‘ప్రివ్యూ’ అనే పేరుతో వచ్చేవి ఐచ్ఛికం, మీరు నొక్కితేనే ఎక్కుతాయి. వాటి జోలికి పోవద్దు. డాంగిల్ డ్రైవర్‌ను వెనక్కి మార్చిన తరువాత కూడా ఒకసారి పాజ్ పెట్టుకోవడం మంచిది, లేకపోతే విండోస్ అదే డ్రైవర్‌ను మళ్లీ తెచ్చి పెట్టే అవకాశం ఉంది.

ఈ లోపల మళ్లీ నల్లని తెర వస్తే, అది ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఫోన్‌ను చేతికి అందేలా ఉంచుకుని, కంప్యూటర్ మీద వెలుగు పడే ఆ ట్యూబ్‌లైటును ముందే ఆర్పి, ఫోటో తీసి పంపండి. నాకు కావలసినది అడుగు వరుసలో ‘డాట్ సిస్’ అని ముగిసే ఆ ఒక్క పేరు.